పెద్దలు దాచిన మాట, పిల్లలు కన్న కల

బాల్యం దాటుతున్న పిల్లల కథను కలలా చెప్పిన సినిమాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. వాటిలో గొప్పవి కొన్ని పెద్దవాళ్లు నోరు విప్పలేని దేశాల్లో, నోరు విప్పలేని రోజుల్లో పుట్టాయి. వాటిలోని రాక్షసులను, ముత్యాలను, పచ్చి మాంసాన్ని ఎలా చదువుకోవాలి?

స్పెయిన్ మధ్యలో, కస్తీలియ పీఠభూమి మీద ఓయువేలోస్ అనే చిన్న ఊరు. కాలం 1940. అంతర్యుద్ధం ముగిసి ఏడాదైంది. గెలిచిన జనరల్ ఫ్రాంకో దేశాన్ని ఏలుతున్నాడు. ఓడినవాళ్లలో కొందరు చనిపోయారు, కొందరు జైళ్లలో ఉన్నారు, కొందరు సరిహద్దు దాటి ఫ్రాన్స్‌కు పారిపోయారు. మిగిలినవాళ్లు మాట్లాడటం మానేశారు. ఆ ఊళ్లోకి ఓ పాత లారీ సినిమా డబ్బాలతో వస్తుంది. పిల్లలు కేకలు పెడుతూ దాని చుట్టూ మూగుతారు. ఒకావిడ బూర ఊది చాటింపు వేస్తుంది. సాయంత్రానికి ఆడా మగా, పిల్లా జెల్లా ఎవరి కుర్చీ వాళ్లు మోసుకుని ఊరి సమావేశ మందిరానికి చేరతారు. టూరింగ్ టాకీసుల కాలం చూసిన మన పెద్దలకు ఈ సందడి వేరే దేశానిదని అనిపించదు.

ఆ పూట ఆట 'ఫ్రాంకెన్‌స్టైన్'. జేమ్స్ వేల్ 1931లో హాలీవుడ్‌లో తీసిన సినిమా. శవాల ముక్కలతో తయారైన రాక్షసుడికి చెరువుగట్టున ఓ చిన్నపిల్ల కనిపిస్తుంది. ఆ పిల్ల భయపడదు. పువ్వు ఇస్తుంది. ఇద్దరూ పూలు నీళ్లలో వేసి తేలుతుంటే చూస్తారు. తర్వాత కనిపించేది, ఆ పిల్ల శవాన్ని చేతుల మీద మోసుకొస్తున్న తండ్రి. మధ్యలో ఏం జరిగిందో తెర మీద లేదు. నిజానికి ఆ ముక్క సెన్సారు కత్తెరకు పోయింది. పువ్వుల్లాగే పిల్ల కూడా తేలుతుందనుకుని రాక్షసుడు ఆమెను నీళ్లలోకి విసిరే కొన్ని సెకన్లవి. దశాబ్దాలపాటు చాలా ప్రింట్లలో అవి లేవు. 1980ల్లోగానీ తిరిగి చేరలేదు.

ఆరేళ్ల ఆనా ఇదంతా కళ్లార్పకుండా చూసింది. పక్కనున్న అక్క ఇసబెల్‌ను గుసగుసగా అడిగింది: వాడు ఆ పాపను ఎందుకు చంపాడు? తర్వాత వాణ్ని ఎందుకు చంపారు? అక్కకూ తెలియదు. ఇంటికెళ్లాక చెబుతానంది. రాత్రి పక్కల మీద మళ్లీ అదే ప్రశ్న. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక ఇసబెల్ ఓ కథ అల్లింది. సినిమాలో అంతా ఉత్తిదే, ఎవరూ చావలేదు, వాడు ఒక ఆత్మ, ఊరి బయటే ఉంటాడు, కళ్లు మూసుకుని పేరు చెప్పి పిలిస్తే పలుకుతాడు.

అక్క చెప్పిన ఆ అబద్ధం మీదే విక్తోర్ ఎరీసె 1973లో తన తొలి చిత్రం 'ది స్పిరిట్ ఆఫ్ ది బీహైవ్' మొత్తాన్నీ నిలబెట్టాడు. తేనెపట్టు ఆత్మ అని మనం చెప్పుకోవచ్చు. అప్పటికి అతనికి 33 ఏళ్లు. ఆ ఏడాదే సాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి, బంగారు శంఖం, దానికే దక్కింది. పిల్లలు పెద్దవాళ్లయ్యే కథను కల భాషలో చెప్పిన సినిమాల్లో దాన్ని మించింది లేదని నా నమ్మకం. ఆనా వేసిన రెండు ప్రశ్నలకూ ఆ ఊళ్లో జవాబు తెలిసినవాళ్లు ఉన్నారు. చెప్పేవాళ్లు మాత్రం లేరు. మిగతా కథంతా ఆ జవాబు కోసం ఒక పిల్ల ఒంటరిగా చేసే వెతుకులాట.

బున్యుయెల్ పెట్టుకున్న షరతు

ఈ తరహా సినిమాలకు మూలం పారిస్‌లో ఉంది. 1924లో ఆంద్రే బ్రెతాన్ అధివాస్తవిక ప్రకటన వెలువరించాడు. కలకూ మెలకువకూ మధ్య గోడ కూల్చాలన్నది ఆ కవుల, చిత్రకారుల పట్టుదల. ఐదేళ్ల తర్వాత లూయిస్ బున్యుయెల్, సాల్వదోర్ దాలీ అనే ఇద్దరు స్పెయిన్ కుర్రాళ్లు తమకు వచ్చిన కలలు చెరొకటి చెప్పుకుని, వాటి నుంచే 'అన్ షియాన్ అందలూ' అనే పొట్టి సినిమా అల్లారు. రాసుకునేటప్పుడు వాళ్లకు ఒకటే షరతు. హేతువుకు అందే ఆలోచన, కారణం చెప్పగలిగే దృశ్యం ఏదైనా సరే తీసి పారేయాలి.

ఈ సంగతి ఇక్కడ ఎత్తడానికి కారణముంది. ఇవాళ ఇలాంటి సినిమా ఏది చూసినా వెంటనే యూట్యూబ్‌లో ఓ వివరణ వీడియో ఎదురవుతుంది. ఎరుపు అంటే ఇది, గుడ్లగూబ అంటే అది, మెట్లు దిగితే ఉపచేతన, తలుపు తెరుచుకుంటే యవ్వనం. పట్టిక చేతికిచ్చి పరీక్షకు పంపినట్టుంటుంది. ఈ తరహా సినిమాలకు పునాది వేసినవాళ్లే అలాంటి పట్టికకు లొంగే దృశ్యాలను ముందుగానే ఏరి పారేశారు. ప్రతీకలు లేవని కాదు నేననేది. ఒక వస్తువు బదులు మరో వస్తువు పెట్టి చదివే పద్ధతి వీటికి సరిపోదంటున్నాను. సినిమాలోని పిల్ల లేదా పిల్లవాడు ఏ ప్రశ్నకు జవాబు దొరక్క ఆ దృశ్యం కంటున్నారో పట్టుకుంటే చాలు, దాని బరువు మనకు తెలుస్తుంది.

బున్యుయెలే అందుకు సాక్ష్యం. అంతర్యుద్ధం తర్వాత అతను స్వదేశానికి దూరమై, చివరికి మెక్సికోలో స్థిరపడ్డాడు. అక్కడ 1950లో 'లోస్ ఓల్విదాదోస్' తీశాడు. మెక్సికో నగరపు మురికివాడల్లో పెరిగే పిల్లల కథ. చూడటానికి కఠోర వాస్తవం, దాదాపు డాక్యుమెంటరీ. మధ్యలో ఒక కల వస్తుంది. పెద్రో అనే పిల్లవాడు ఓ హత్యను కళ్లారా చూశాడు. ఆ రాత్రి నిద్రలో తల్లి తెల్లటి గౌనులో నెమ్మదిగా, గాలిలో తేలుతున్నట్టు వాడి మంచం దగ్గరికి వస్తుంది. మొన్న రాత్రి నాకు మాంసం ఎందుకు పెట్టలేదమ్మా అని వాడు అడుగుతాడు. ఆమె చేతుల్లో పెద్ద పచ్చి మాంసం ముద్ద. వాడు అందుకోబోతుంటే మంచం కింద నుంచి ఓ చెయ్యి వచ్చి లాగేసుకుంటుంది. ఆ చెయ్యి హంతకుడు హైబోది.

ఫ్రాయిడ్‌ను చదివినవాళ్లు ఆ మాంసానికి ఎన్ని అర్థాలైనా చెప్పగలరు. చెప్పారు కూడా. నాకు మాత్రం ముందు కనిపించేది వాడి ఆకలి. రెండోది, తల్లి తనను ఎందుకు ప్రేమించడం లేదో వాడికి తెలియకపోవడం. పగటిపూట ఆమె వాణ్ని కొట్టి తరిమింది. కలలో కూడా వాడు కోరుకున్నది ఒక ముద్దే. మురికివాడ గురించి వంద లెక్కలు చెప్పినా ఆ రెండు నిమిషాల కల చెప్పినంత చెప్పవు. ఈ సినిమాలో మరో కల లాంటి దృశ్యం పెట్టాలనుకున్నాడు బున్యుయెల్. సగం కట్టి వదిలేసిన ఎత్తైన భవనంలో వందమంది వాద్యకారులు వాయిస్తుంటారు, చప్పుడు మాత్రం వినపడదు. నిర్మాత ఒప్పుకోలేదు. సినిమా విడుదలయ్యాక, దేశం పరువు తీశాడని మెక్సికోలో పెద్దలు మండిపడ్డారు. కొద్దిరోజులకే థియేటర్ల నుంచి తీసేశారు. మరుసటి ఏడాది కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చాకగానీ స్వరం మారలేదు.

తేనెరంగు ఇల్లు

మళ్లీ ఓయువేలోస్‌కు వెళదాం. ఆనా వాళ్లది పాతకాలపు పెద్ద లోగిలి. కిటికీ అద్దాలు తేనె రంగువి, వాటి గళ్లు తేనెపట్టు గదుల్లా ఆరు మూలలవి. వెలుతురు వాటి గుండా వచ్చి ఇల్లంతా పసుప్పచ్చగా నిండుతుంది. తండ్రి ఫెర్నాందో తేనెటీగలు పెంచుతాడు. రాత్రుళ్లు కూర్చుని వాటి గురించి రాసుకుంటాడు. పట్టులో ఒక్క క్షణం ఆగని పని, ఆ పనికి అర్థమేమిటో ఏ ఈగకూ తెలియని స్థితి, దాన్ని చూసిన మనిషికి కలిగే దిగులు. ఆ రాతలకు బెల్జియం రచయిత మారిస్ మేటర్‌లింక్ తేనెటీగల మీద 1901లో రాసిన పుస్తకం ఆధారం. తల్లి తెరెసా దూరంగా ఎక్కడో ఉన్న ఒక మనిషికి ఉత్తరాలు రాసి రైల్లో వేసి వస్తుంటుంది. బతికున్నాడో లేదో తెలియని మనిషి. ఆ ఇంట్లో నలుగురూ ఒకే బల్ల దగ్గర ఫలహారం చేసే దృశ్యం ఒకటుంది. కెమెరా మాత్రం ఒక్కొక్కరినీ విడివిడిగానే చూపిస్తుంది, నలుగురినీ ఒక్క చట్రంలో కూర్చోబెట్టదు.

ఛాయాగ్రాహకుడు లూయిస్ క్వాద్రాదో అప్పటికే చూపు కోల్పోతున్నాడు. ఆ కళ్లతో పట్టిన వెలుతురు ఇది. తెలిసి చూస్తే గుండె బరువెక్కుతుంది.

బడిలో ఒక దృశ్యం నాకు ఈ సినిమా మొత్తానికీ కీలకమనిపిస్తుంది. దోన్ హొసే అనే చెక్కబొమ్మకు టీచరమ్మ పిల్లల చేత గుండె, ఊపిరితిత్తులు, పొట్ట ఒక్కొక్కటీ తగిలిస్తుంది. చివరికి ఇంకా ఏం కావాలని అడుగుతుంది. కళ్లు. అవి పెట్టే వంతు ఆనాది. ఊరందరికీ అవయవాలన్నీ ఉన్నాయి, పని చేస్తున్నారు, తింటున్నారు, గుడికి వెళుతున్నారు. చూసే కళ్లు మాత్రం ఆ పిల్లకే ఉన్నాయి.

అక్క చెప్పిన ఆత్మ కోసం ఆనా పొలాల అవతలి పాడుబడ్డ కొట్టానికి వెళుతుంటుంది. బావిలోకి తొంగి చూస్తుంది, పెద్ద పాదముద్రలో తన పాదం పెట్టి కొలుచుకుంటుంది. ఒకనాడు అక్కడ నిజంగానే ఒక మనిషి ఉంటాడు. రైల్లోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్న సైనికుడు. ఓడిపోయిన గణతంత్ర పక్షం వాడని మనకు అర్థమవుతుంది. ఆనాకు అదేమీ అక్కర్లేదు. పిలిచింది, వచ్చాడు. ఆపిల్ పండు ఇస్తుంది, నాన్న కోటు తెచ్చి ఇస్తుంది. ఆ కోటు జేబులో నాన్న గడియారం ఉంది, తెరిస్తే పాట పాడే గడియారం. ఆ రాత్రి దూరం నుంచి చీకట్లో కొన్ని మెరుపులు, తుపాకుల చప్పుడు. అంతే. తెల్లారి ఆ శవాన్ని ఎక్కడ పడుకోబెట్టారో తెలుసా? ఫ్రాంకెన్‌స్టైన్ ఆడిన ఆ మందిరంలోనే, తెర కింద. పోలీసులు గడియారాన్ని తండ్రికి తిరిగిచ్చారు. ఫలహారం బల్ల దగ్గర ఆయన మూత తెరిచాడు. పాట వినపడింది. కూతురు తలెత్తి చూసింది. ఒక్క మాట లేకుండా ఇద్దరికీ అంతా తెలిసిపోయింది. నాన్నే చంపించాడని ఆ పిల్ల అనుకుంది. ఇల్లు వదిలి పారిపోయింది.

ఇక్కడి నుంచే విమర్శకుల వాదులాట మొదలవుతుంది. రాక్షసుడు ఎవరు? ఓడిన గణతంత్రమా? దేశాన్ని ముక్కలు చేసి మళ్లీ అతుకులేసిన ఫ్రాంకోనా? నోరు మెదపని తండ్రా? మూడింటికీ సినిమాలో ఆధారాలున్నాయి. తేనెపట్టు ఇల్లు అంటే ఫ్రాంకో స్పెయిన్ అన్న మాటా తప్పు కాదు. కానీ ఇది సెన్సారును దాటడానికి రాసుకున్న సంకేత లిపి మాత్రమే అయితే, ఫ్రాంకో పోయిన మర్నాటి నుంచి దీని పని అయిపోవాలి. అలా జరగలేదు. ఎందుకంటే ఆనా రాక్షసుణ్ని దేనికీ గుర్తుగా చూడటం లేదు. తనను గుర్తించే ఒక ప్రాణిగా చూస్తోంది. ఆ పాత్ర వేసిన ఆనా తోరెంత్ కూడా అంతే. నీకు ఫ్రాంకెన్‌స్టైన్ తెలుసా అని ఎరీసె మొదటిసారి అడిగితే, తెలుసుగానీ ఇంకా ఎవరూ పరిచయం చేయలేదని ఆ పిల్ల అన్నదట. పాత్రల పేర్లు వేరు, మనుషుల పేర్లు వేరు అయితే ఆమె తికమకపడుతోందని నలుగురికీ నటుల సొంత పేర్లే పెట్టేశాడు. మందిరంలో సినిమా చూస్తూ ఆమె ముఖం మీద మెదిలే ఆశ్చర్యం నటన కాదు. ఆ పిల్ల అప్పుడు నిజంగానే ఆ సినిమా చూస్తోంది.

అక్క ఇసబెల్ గురించి ఎవరూ పెద్దగా రాయరు. రాయాలి. ఆమె ఒకరోజు పిల్లి మెడ నులుముతుంది. అది గీరితే వేలికి వచ్చిన రక్తాన్ని అద్దం ముందు పెదాలకు రాసుకుంటుంది. ఇంకోరోజు చచ్చినట్టు నేలమీద పడుకుని చెల్లెల్ని హడలెత్తిస్తుంది. ఆమె కూడా పెరుగుతోంది, చావునూ క్రూరత్వాన్నీ ఆటగా మార్చుకుని పెరుగుతోంది. అబద్ధాలు చెప్పడం నేర్చుకున్న పిల్ల ఆ ఊరికి సరిపోతుంది. అడుగుతూనే ఉండే పిల్ల సరిపోదు. డాక్టరు వచ్చి, చిన్నపిల్ల కదా, నెమ్మదిగా మరిచిపోతుందిలే అని తల్లికి ధైర్యం చెబుతాడు. ఆ దేశమంతటికీ అప్పుడు రాసిచ్చిన మందు అదే.

ఆ తర్వాత 50 ఏళ్లలో ఎరీసె తీసిన పూర్తి నిడివి చిత్రాలు మరో మూడే. చివరిది, ఎనభై దాటాక తీసిన 'క్లోజ్ యువర్ ఐస్', 2023లో కాన్‌లో ప్రదర్శితమైంది. అందులో ఆనా తోరెంత్ ఉంది. జ్ఞాపకం పోయిన తండ్రి ముందు నిలబడి, నేను ఆనాని అని చెబుతుంది.

విషం డబ్బా

అదే ఆనా తోరెంత్, తేనెపట్టు సినిమా వచ్చిన రెండేళ్లకు, కార్లోస్ సౌరా 'క్రియా క్వేర్వోస్'లో నటించింది. ఆ సినిమా తీసింది 1975 వేసవిలో. ఫ్రాంకో ఆ నవంబరు 20న పోయాడు. సినిమా 1976లో జనం ముందుకొచ్చి, ఆ ఏడాది కాన్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి అందుకుంది.

మాద్రిద్‌లో ఒక సైనికాధికారి ఇల్లు. తల్లి నొప్పితో కేకలు వేస్తూ చనిపోవడం చిన్న ఆనా చూసింది. ఆ చావుకు కారణం తండ్రేనని నమ్మింది. తల్లి ఎప్పుడో విషమని చెప్పిన ఒక డబ్బాలోని పొడిని తండ్రి పాలలో కలిపింది. తండ్రి పోయాడు. గ్లాసు కడిగి పెట్టింది. పోయిన తల్లి అప్పుడప్పుడూ వచ్చి జుట్టు దువ్వుతుంది. ఆ తల్లి పాత్రనూ, ఇరవై ఏళ్ల తర్వాతి ఆనానూ ఒకే నటి, జెరాల్డిన్ చాప్లిన్, పోషించింది. ఇంతకీ డబ్బాలో ఉన్నది వంటసోడా. పెత్తనం చేస్తున్న పిన్నికి కూడా అదే కలిపి ఇచ్చి పడుకున్న పిల్ల, మర్నాడు ఆమె మామూలుగా వచ్చి బడికి టైమైందని లేపితే చూసిన చూపు ఉంది చూడండి! ఎవరినైనా చంపగలనన్న నమ్మకం పోయిన ఆ ఉదయంతో ఆమె బాల్యం అయిపోయింది. నిరంకుశుడు తనంతట తానే మంచం మీద పోతుంటే, వాణ్ని తామే పడగొట్టామా లేదా అని తేల్చుకోలేని ఒక తరం మనసు కూడా అందులో ఉంది.

ప్రేగ్‌లో ఒక వారం

చెకొస్లొవేకియాలో అధివాస్తవికత పారిస్‌ది ఎంత బలమైనదో అంత బలమైనది. 1934లో ప్రేగ్‌లో ఆ బృందాన్ని స్థాపించినవాళ్లలో ముఖ్యుడు కవి వీచెస్లావ్ నెజ్వల్. మరుసటి ఏడాది బ్రెతాన్ స్వయంగా అక్కడికి వచ్చాడు. ఆ ఏడాదే నెజ్వల్ వలేరీ అనే పిల్ల గురించి ఒక నవల రాశాడు. అది 1945లోగానీ అచ్చు కాలేదు. దాన్ని యారొమిల్ యిరెష్ 'వలేరీ అండ్ హర్ వీక్ ఆఫ్ వండర్స్' పేరుతో 1970లో సినిమాగా తీశాడు.

ఆ సంవత్సరం గుర్తుంచుకోవాలి. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రేగ్‌లోకి వచ్చాయి. దానికి ముందు మొదలెట్టిన యిరెష్ చిత్రం 'ది జోక్', మిలన్ కుందేరా నవల ఆధారంగా తీసింది, వచ్చీ రాగానే నిషేధానికి గురైంది. మామూలు మాట మూతబడిన చోట అతను జానపద కథలోకి వెళ్లాడు.

పదమూడేళ్ల వలేరీ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటుంది. ఒక రోజు నడుస్తుంటే తెల్లటి డెయిజీ పూల మీద నెత్తుటి చుక్కలు పడతాయి. మొదటి నెలసరి. అక్కడి నుంచి వారంపాటు ఆమె చుట్టూ లోకం రూపు మారుతూనే ఉంటుంది. నల్ల అంగీ వేసుకున్న ఒక వికారపు మనిషి వస్తాడు. ఒకసారి పోలీసు, ఒకసారి నెత్తురు తాగే పిశాచం, ఒకసారి తండ్రేమో అన్న అనుమానం. అమ్మమ్మ యవ్వనం కోసం వాడితో ఒప్పందం చేసుకుని పడుచుగా మారి, కొత్త చుట్టంలా ఇంట్లోకి వస్తుంది. అమ్మమ్మ, ఆ పడుచు, చివర్లో వచ్చే తల్లి, అందరూ హెలెనా అనీజోవా అనే ఒకే నటి. మతబోధకుడు పిల్ల మీద చెయ్యి వేయబోతాడు. ఆమె లొంగకపోతే, మంత్రగత్తె అని చాటి కాల్చబోతారు. వలేరీ చెవి కమ్మల్లోని ముత్యం మింగి తప్పించుకుంటుంది.

ముత్యం కన్యత్వమనీ, పిశాచం పురుషుడనీ తేల్చేసిన వ్యాసాలు బోలెడు. నాకు ఆ సినిమాలో నిజంగా భయం వేసేది, ఏ ముఖమూ రెండు దృశ్యాలపాటు ఒకేలా ఉండకపోవడం. రక్షించాల్సినవాడే మీద పడతాడు, ప్రేమించాల్సిన అమ్మమ్మే అమ్మేస్తుంది, మళ్లీ పొద్దున్నే ఏమీ జరగనట్టు కుట్టుపని చేసుకుంటుంది. నిన్న ఒక పక్షానికి, ఇవాళ ఇంకో పక్షానికి సంతకం పెట్టాల్సి వచ్చిన 1970 నాటి చెక్ ప్రేక్షకుడికి ఆ భయం బాగా తెలుసు. నెలనెలా వచ్చే ఒంటి మార్పును ఎవరూ విప్పి చెప్పని పదమూడేళ్ల పిల్లకూ బాగా తెలుసు. ఈ సినిమా ఊహకు రూపమిచ్చిన ఎస్తెర్ క్రుంబహోవా, స్క్రిప్టులోనూ కళలోనూ దీని వెనక అసలు శక్తి, ఆ తర్వాత ఏళ్ల తరబడి పని లేకుండా కూర్చోవాల్సి వచ్చింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. వలేరీ పాత్ర వేసిన యారొస్లావా షాలెరోవాకు అప్పుడు నిజంగానే పదమూడేళ్లు. ఆ పిల్లను కెమెరా చూసిన తీరు కొన్ని చోట్ల క్షమించరానిది. ఇవాళ ఏ షూటింగులోనూ అలాంటి దృశ్యాలు తీయనివ్వరు, తీయనివ్వకూడదు. పిల్లల మీద పెద్దల కన్ను గురించిన సినిమానే ఆ తప్పు చేయడం దాని గొప్పతనం మీద మచ్చ. కళ పేరు చెప్పి దాన్ని తుడిచేయలేం. నవలనూ, సంగీతాన్నీ, ఆ వెలుతురునూ ప్రేమించేవాళ్లం కూడా ఆ మాట అనాల్సిందే.

చెక్ దేశం నుంచే 1988లో యాన్ ష్వాంక్‌మాయెర్ 'ఆలిస్' వచ్చింది. అద్భుతలోకపు ఆలిస్ కథే, కానీ కుందేలు పొట్టలోంచి రంపపు పొట్టు రాలుతుంటుంది, అది దాన్నే మళ్లీ తింటుంది. మరుసటి ఏడాది నవంబరులో అక్కడి ప్రభుత్వం కూలిపోయింది.

రెండు ద్రాక్షపండ్లు

మెక్సికోలో పుట్టిన గిజెర్మో దెల్ తోరో 2006లో 'పాన్స్ లాబిరింత్'తో మళ్లీ స్పెయిన్‌కే వచ్చాడు. కథాకాలం 1944. కొండల్లో ఇంకా గెరిల్లాలున్నారు. గర్భిణి తల్లితో కలిసి ఒఫీలియా అనే పిల్ల, సవతి తండ్రి కెప్టెన్ వీదాల్ మకాం వేసిన పాత మిల్లుకు వస్తుంది. అక్కడి చిక్కుదారిలో ఒక ఫాన్, అంటే మేక కొమ్ముల వనదేవుడు, ఆమెకు మూడు పరీక్షలు పెడతాడు. మూడు ఆస్కార్లు అందుకున్న ఈ సినిమా మన ప్రేక్షకుల్లో చాలామందికి తెలుసు. తేనెపట్టు సినిమా రుణం దెల్ తోరో బాహాటంగానే ఒప్పుకున్నాడు.

దీని మీద ఎడతెగని చర్చ ఒకటే: ఆ వింతలన్నీ నిజమా, పిల్ల ఊహా? దర్శకుడు నిజమేనంటాడు. ఆ గొడవ కన్నా నాకు ద్రాక్షపండ్లు ముఖ్యం. అరచేతుల్లో కళ్లున్న పాలిపోయిన రాక్షసుడి ముందు బల్ల నిండా విందు. ఏదీ ముట్టొద్దని ముందే హెచ్చరిక. ఒఫీలియా రెండు ద్రాక్షలు తినేస్తుంది. బుద్ధి లేదా ఈ పిల్లకు అని ప్రేక్షకులు విసుక్కుంటారు. ఆమె కొత్త గౌను పాడుచేసుకున్నందుకు రాత్రి అన్నం పెట్టకుండా పడుకోబెట్టిన సంగతి మరిచిపోతారు. కింద వీదాల్ బల్ల దగ్గర అతిథులు మేస్తుంటారు. ఊరి రొట్టె లెక్క ఆయన చేతిలో, గిడ్డంగి తాళం ఆయన జేబులో. రాక్షసుడు కూర్చున్న తీరూ, వీదాల్ కూర్చున్న తీరూ ఒకటే, వెనక మండే పొయ్యితో సహా. స్పెయిన్‌లో రేషన్ 1952 దాకా సాగింది. ఆ బల్ల మీద ఏ పురాణం వెతికినా దొరుకుతుంది. కానీ ముందు ఆ పిల్ల ఆకలి చూడాలి. పెద్రో మాంసం ముద్దకూ ఈ ద్రాక్షలకూ మధ్య 56 ఏళ్ల దూరం ఉంది, ఆకలి అదే.

మన ఇళ్లలో, మన తెర మీద

తెలుగువాళ్లకు అధివాస్తవికత కొత్త కాదు. 1930, 40ల్లోనే శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు దాన్ని కవిత్వంలోకి లాక్కొచ్చారు. సినిమాలో మాత్రం కల అంటే పాటగానే మిగిలింది. నాయికా నాయకులు మంచు కొండల మీద తేలడానికి పనికొచ్చింది, పదేళ్ల పిల్ల మనసులో ఏముందో చూపడానికి పనికిరాలేదు. మనకు కథలు లేకనా? వలేరీ వారం మన ఇళ్లలో జరుగుతూనే ఉంది. ఆడపిల్ల పెద్దమనిషి అయితే చాప వేసి మూల కూర్చోబెడతారు, చిమ్మిలి తినిపిస్తారు, పేరంటాళ్లను పిలిచి పాటలు పాడతారు, ఇప్పుడు వోణీల ఫంక్షన్‌కు ఫ్లెక్సీ కూడా కడుతున్నారు. ఊరంతా తెలిసిపోతుంది. అసలు తన ఒంట్లో ఏం జరిగిందో ఆ పిల్లకు చెప్పే ఇళ్లు ఎన్ని? ఆ నాలుగు రోజులు మూల కూర్చున్న పిల్లకు గోడలు ఎలా కనిపించాయో, నిన్నటిదాకా భుజాన ఎక్కించుకున్న నాన్న ఎందుకు దూరంగా జరిగాడనిపించిందో మన తెర మీద ఇంకా చూడాల్సే ఉంది.

దగ్గర్లో ఒక మంచి ఉదాహరణ ఉంది. మలయాళంలో జి. అరవిందన్ 1979లో తీసిన 'కుమ్మాట్టి'. పిల్లలను భయపెట్టడానికి మనం చెప్పే బూచాడి లాంటివాడు కుమ్మాట్టి. పొడవాటి గడ్డం, ముసుగులు, పాటలు. ఊరి పిల్లలు భయపడుతూనే అతని వెంట పడతారు. వెళ్లిపోయే రోజు అతను ఆటగా వాళ్లందరినీ జంతువులుగా మార్చి, మళ్లీ పిల్లలను చేస్తాడు. కుక్కగా మారిన చిందన్ అనే పిల్లవాడు మాత్రం అందకుండా పరుగెత్తి ఉండిపోతాడు. ఏడాదిపాటు కుక్కగానే బతుకుతాడు. పట్నంలో ఒకింట చేరతాడు, మళ్లీ తన ఊరికొస్తాడు, తల్లి గుర్తుపట్టి అన్నం పెడుతుంది. మరుసటి ఏడు కుమ్మాట్టి తిరిగొచ్చి కావలించుకుంటే పిల్లవాడవుతాడు. ఇంటికొచ్చి మొదట చేసే పని, పంజరంలోని చిలకను వదిలేయడం. ఎందుకు వదిలాడని ఎవరూ వివరించరు. ఏడాది మాటలేని బతుకు బతికిన పిల్లవాడికి వివరణ అవసరం లేదు. షాజీ ఎన్. కరుణ్ పట్టిన ఉత్తర కేరళ కొండలు, పచ్చగడ్డి, ఆకాశం చూస్తే, ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద కల సాధ్యమేనని మన కుర్ర దర్శకులకు అర్థమవుతుంది. పాడైపోతున్న ఈ చిత్రాన్ని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, మార్టిన్ స్కోర్సెసీ స్థాపించిన ది ఫిల్మ్ ఫౌండేషన్, ఇటలీలోని బొలోన్యా సినిమా భాండాగారం కలిసి 2021లో బాగుచేశాయి.

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఫిల్మ్ సొసైటీలు నడుపుతున్నవాళ్లకు, బడుల్లో సినిమా చూపించే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వచ్చే సెలవుల్లో పిల్లలకు 'కుమ్మాట్టి' చూపించండి. నిడివి గంటన్నర. కాస్త పెద్ద పిల్లలైతే తేనెపట్టు సినిమా చూపించండి. ముందు ఉపన్యాసం వద్దు, తర్వాత ప్రశ్నాపత్రం వద్దు. ఏ బొమ్మకు ఏ అర్థమో బోర్డు మీద రాయొద్దు. లైట్లు వేశాక పిల్లలు ఏదో ఒకటి అడుగుతారు. అడిగిందానికి మీకు తెలిసిన నిజం చెప్పండి.